హద్దులెరిగిన గణితం – లెవ్ పొంత్రియాగిన్

ఎంతటి బలమైన యంత్రానికైనా ఒక హద్దు ఉంటుంది. బండిని ఆపే బ్రేకు కొంత బలంతో మాత్రమే చక్రాన్ని పట్టుకోగలదు. కాలువ తూము తలుపును పూర్తిగా ఎత్తిన తరువాత అంతకు మించి నీటిని వదలడం సాధ్యం కాదు. ఓడ చుక్కాని కొంత కోణం వరకే తిరుగుతుంది. విమానపు ఇంజను తనకు చేతనైనంత బలంతోనే ముందుకు నెట్టగలదు. యంత్రాన్ని నడిపించే బుద్ధి ఎంత గొప్పదైనా, ఆ బుద్ధి ఇచ్చే ఆజ్ఞను అమలుజరిపే చేతికి ఇంతే శక్తి అని ప్రకృతి ఒక గీత గీసి ఉంచింది. ఆ గీతను దాటకుండా, దాని లోపల ఉన్న శక్తిని పూర్తిగా వినియోగించుకొంటూ, అనుకోని ఒడుదుడుకులు ఎదురైనా తడబడకుండా యంత్రాన్ని గమ్యానికి చేర్చడం ఎలా? ఇరవయ్యో శతాబ్దపు ఇంజనీర్లను ఎంతగానో వేధించిన ప్రశ్న ఇది. దీనికి గణితపరమైన పునాది వేసినవారిలో అగ్రగణ్యుడు రష్యా దేశీయుడైన లెవ్ సెమ్యోనొవిచ్ పొంత్రియాగిన్. విమానాల గమనాన్ని, యంత్రాల నడకను సమీకరణాలలో బంధించిన ఈ మహామేధావికి పద్నాలుగేళ్ల వయస్సు నుంచి చూపు లేదు.

పొంత్రియాగిన్ 1908 సెప్టెంబరు 3వ తేదీన మాస్కో నగరంలో జన్మించాడు. తండ్రి సెమ్యోన్ అకీమొవిచ్ చిరుద్యోగి. తల్లి తత్యానా ఆంద్రేయెవ్నా కుట్టుపని తెలిసిన సామాన్య గృహిణి. వారిది కలిగిన కుటుంబం కాదు. లెవ్ బాల్యం దేశమంతా కల్లోలంలో ఉన్న కాలంలో గడిచింది. మొదటి ప్రపంచయుద్ధం, దాని వెనువెంటనే 1917 విప్లవం, ఆపై అంతర్యుద్ధం, ఆహారపు కొరత ఆ తరం పిల్లలందరికీ అనుభవంలోకి వచ్చాయి. సామాన్యమైన పాఠశాలలో చదువుకొంటూ, చేతికి దొరికిన వస్తువులతో ప్రయోగాలు చేస్తూ, విరిగినవాటిని బాగుచేస్తూ ఆ బాలుడు పెరిగాడు.

అతనికి పద్నాలుగేళ్ల వయస్సులో ఇంట్లోని కిరోసిన్ పంపు స్టవ్వు పేలింది. ముఖం, కళ్లు తీవ్రంగా కాలిపోయాయి. వైద్యులు ప్రాణాన్ని కాపాడగలిగారే గాని చూపును నిలపలేకపోయారు. ఆనాటి పరిస్థితులలో ఒక పేదింటి అంధబాలునికి మిగిలిన దారులు చాలా తక్కువ. ఏదో ఒక చేతిపని నేర్చుకొని పొట్ట పోసుకోవడమే చాలామందికి గతి. విశ్వవిద్యాలయం, అందులోనూ అడుగడుగునా గుర్తులతో, పటాలతో నిండిన గణితం, అటువంటి బాలునికి ఊహకైనా అందని విషయంగా లోకం భావించేది.

అయితే ఆ లోకం తత్యానా ఆంద్రేయెవ్నాను లెక్కలోకి తీసుకోలేదు. ఆమెకు ఉన్నత గణితం రాదు. అయినప్పటికీ కుమారుని చదువు తన బాధ్యత అని ఆమె నిశ్చయించుకొంది. పాఠ్యపుస్తకాలను, ఆ తరువాత పెద్ద పెద్ద గణిత గ్రంథాలను, పరిశోధన పత్రాలను అక్షరం విడిచిపెట్టకుండా చదివి వినిపించసాగింది. అర్థం తెలియని గుర్తులు ఎదురైనప్పుడు వాటి ఆకారాన్ని బట్టి తానే పేర్లు పెట్టుకొనేదట. రెండు సమితుల సమ్మేళనాన్ని తెలిపే గుర్తు ఆమెకు తోకలు పైకి ఉన్న గుర్తు. ఛేదనాన్ని తెలిపే గుర్తు తోకలు కిందికి ఉన్న గుర్తు. తల్లి ఆకారాన్ని వర్ణిస్తే కుమారుడు దానిలోని భావాన్ని గ్రహించేవాడు. విదేశీ భాషలలో వెలువడిన వ్యాసాలు అవసరమైనప్పుడు ఆ భాషలు చదవడం కూడా ఆమె నేర్చుకొంది. అతడు చెప్పిన వాక్యాలను రాసిపెట్టడం, రాతప్రతుల్లో సూత్రాలను నింపడం, తప్పులు సరిదిద్దడం కూడా ఆమె పనే అయింది. ఈ సేవ ఒక ఏడాదితోనో రెండేళ్లతోనో ముగియలేదు. ఎన్నో సంవత్సరాలపాటు ఆమె ఆయనకు కన్నుగా, కలంగా, కార్యదర్శిగా నిలిచింది. పొంత్రియాగిన్ సాధించిన ప్రతి విజయంలోను ఆ మాతృమూర్తికి భాగం ఉంది.

1925లో లెవ్ మాస్కో విశ్వవిద్యాలయంలో గణిత విద్యార్థిగా ప్రవేశించాడు. తోటివారు నల్లబల్లను చూస్తూ రాసుకొంటూ ఉంటే ఆయన కేవలం వింటూ కూర్చొనేవాడు. విన్నదంతా జ్ఞాపకం పెట్టుకొని, రాత్రివేళ పక్క మీద పడుకొని మొదటి నుంచి చివరి వరకు మనస్సులోనే మళ్లీ నిర్మించుకొనేవాడు. ఒకనాడు తరగతిలో ఆచార్యుడు పటం గీసి వివరిస్తూ ఉండగా, పటంలో పొరపాటు జరిగిందని వెనుక వరుస నుంచి ఒక గొంతు వినిపించిందనీ, ఆ గొంతు చూపులేని పొంత్రియాగిన్‌దనీ ఆయన సమకాలికులు చెప్పుకొనేవారు. ఆచార్యుడు పలికిన అక్షరాల వరుసను బట్టి ఆయన పటాన్ని మనస్సులో గీసుకొన్నాడు; ఆ వరుసలో లోపాన్ని వెంటనే పట్టుకొన్నాడు. 1927లో తండ్రి మరణించాడు. కుటుంబ భారం పెరిగినా చదువు ఆగలేదు. ప్రసిద్ధ గణితవేత్త పావెల్ అలెక్సాంద్రొవ్ ప్రభావంతో ఆయన టోపాలజీ అనే శాఖ వైపు ఆకర్షితుడైనాడు. వస్తువులను సాగదీసినా, వంచినా మారని లక్షణాలను పరిశీలించే గణితశాఖ అది. పందొమ్మిదేళ్ల ప్రాయంలోనే ఆ శాఖలో స్వతంత్రమైన ఫలితాలను సాధించడం మొదలుపెట్టాడు.

1929లో పట్టభద్రుడైన తరువాత ఆయన అభివృద్ధి అతిశీఘ్రంగా సాగింది. 1934లో స్తెక్లోవ్ గణితసంస్థలో చేరాడు. 1935లో ఆచార్యుడైనాడు. ఆయన కనుగొన్న ద్వంద్వత సిద్ధాంతం నేటికీ ఆయన పేరుతోనే పిలువబడుతున్నది. 1938లో వెలువడిన టోపలాజికల్ సమూహాల గ్రంథం మరుసటి సంవత్సరమే ఆంగ్లంలోకి అనువాదమై దేశదేశాల విద్యార్థులకు ప్రామాణిక గ్రంథమైంది. దానికి 1941లో స్టాలిన్ బహుమతి లభించింది. ముప్పై మూడేళ్లు నిండక ముందే ఆయన ప్రపంచప్రసిద్ధుడు. అటువంటి వ్యక్తి శుద్ధ గణితాన్ని విడిచి యంత్రాల వైపు చూడవలసిన అవసరం పైకి కనిపించదు. అయినా ఆయన చూశాడు. అందుకు బీజం వేసింది ఒక స్నేహం.

1930ల తొలినాళ్లలో అలెక్సాందర్ ఆంద్రొనొవ్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు పొంత్రియాగిన్‌కు పరిచయమైనాడు. గడియారపు లోలకం ఎందుకు నిలకడగా ఊగుతుంది, విద్యుత్ వలయాలలో డోలనాలు ఎలా పుడతాయి, యంత్రవేగాన్ని అదుపులో ఉంచే సాధనం ఎప్పుడు కుదురుగా పనిచేస్తుంది, ఎప్పుడు అదుపు తప్పుతుంది అనే ప్రశ్నలు ఆంద్రొనొవ్‌కు ప్రాణప్రదమైనవి. ఇద్దరూ కలిసి చదివారు, చర్చించారు. 1937లో ఇద్దరూ కలిసి ఒక చిన్న వ్యాసం ప్రకటించారు. దాని విషయం మొరటు వ్యవస్థలు.

ఈ పేరు వింతగా తోచవచ్చు. సున్నితమైన పట్టుబట్ట చిన్న ముల్లు తగిలినా చిరుగుతుంది. మొరటు నేతబట్ట ఎన్ని ఉతుకులకైనా ఓర్చుకొంటుంది. సమీకరణాలలోనూ ఇటువంటి భేదమే ఉన్నదని వారు గుర్తించారు. ఏ యంత్రాన్ని గురించి రాసిన సమీకరణమైనా పూర్తిగా నిజం కాదు. ఘర్షణను కొలవడంలో కొంత తప్పు ఉంటుంది; బరువు కొంత మారుతుంది; వేడికి భాగాలు కొంత పెరుగుతాయి. ఆ సమీకరణాన్ని రవంత మార్చగానే యంత్రపు నడక స్వభావమే మారిపోతే, అటువంటి లెక్కను నమ్మి యంత్రాన్ని కట్టడం ప్రమాదకరం. రవంత మార్చినా నడక స్వభావం మారకపోతే అది మొరటు వ్యవస్థ, అంటే దృఢమైన వ్యవస్థ. ఏయే నియమాలు పాటిస్తే ఒక సమతలంలోని వ్యవస్థ ఇట్లా దృఢంగా ఉంటుందో ఆ ఇద్దరు మిత్రులు నిర్ణయించారు. మన జ్ఞానంలో తప్పు ఉండి తీరుతుందని ముందుగానే అంగీకరించి, ఆ తప్పును తట్టుకొనే ఏర్పాటు చేయడం ఈ ఆలోచనలోని సారం. నియంత్రణశాస్త్రంలో తరువాతి కాలంలో వికసించిన దృఢ నియంత్రణ భావానికి ఇది దగ్గరి బంధువు.

1952లో ఆంద్రొనొవ్ మరణించాడు. అదే కాలంలో పొంత్రియాగిన్ తన కార్యక్షేత్రాన్ని మార్చుకొన్నాడు. టోపాలజీలో తనకు లభించిన కీర్తిని పక్కకు పెట్టి, స్తెక్లోవ్ సంస్థలో డోలనాలు, స్వయంచాలక నియంత్రణ విషయాలపై ఒక చర్చావేదికను ప్రారంభించాడు. దానికి ఇంజనీర్లను పిలిచేవాడు. వారు తమ కష్టాలను తమ భాషలోనే చెప్పుకొనేవారు. వాటిలో దాగి ఉన్న గణితాన్ని వెలికి తీయడం ఆయన, ఆయన శిష్యుల పని.

1955 వసంతకాలంలో వైమానిక దళానికి చెందిన ఇద్దరు అధికారులు ఆ సంస్థకు వచ్చారు. వారు తెచ్చిన సమస్య యుద్ధవిమానాల విన్యాసాలకు సంబంధించినది. ఒక విమానం మరొక విమానాన్ని వెంబడిస్తున్నప్పుడు అతి తక్కువ కాలంలో దానిని అందుకోవాలంటే తన ఇంజను బలాన్ని, తన మలుపులను ఏ క్షణంలో ఎట్లా ఉపయోగించాలి? ఎదుటి విమానం ఏమి చేస్తుందో ముందుగా తెలియదు. పైగా మన విమానపు బలానికి, మలుపులకు హద్దులున్నాయి. ఈ రెండు చిక్కులు ఒకేసారి విప్పడం సాధ్యం కాదని గ్రహించి, పొంత్రియాగిన్ మొదట రెండవదానినే తీసుకొన్నాడు. ఎదుటి విమానాన్ని తాత్కాలికంగా పక్కన పెట్టి, హద్దులున్న శక్తితో ఒక స్థితి నుంచి మరొక స్థితికి అతి తక్కువ కాలంలో చేరడం ఎట్లాగన్న ప్రశ్నకు పరిమితమైనాడు.

ఈ ప్రశ్న అంతకు ముందున్న గణితానికి ఎందుకు లొంగలేదో తెలుసుకోవడానికి ఒక ఉదాహరణ చాలు. కొండ మీద అన్నిటికంటె ఎత్తైన చోటును వెతుకుతున్నామనుకొందాం. శిఖరం మీద నేల ఏ వైపుకూ వాలి ఉండదు; కాబట్టి వాలు లేని చోటు ఎక్కడుందో కనిపెడితే సరిపోతుంది. ఆయిలర్, లగ్రాంజ్ మొదలైన మహనీయుల కాలం నుంచి వచ్చిన పద్ధతుల సారాంశం ఇదే. కాని కొండ మధ్యలో కంచె వేసి, దానిని దాటరాదని శాసిస్తే? అప్పుడు మనం చేరగల ఎత్తైన చోటు చాలాసార్లు కంచె పక్కనే ఉంటుంది. అక్కడ నేల ఇంకా వాలుగానే ఉంటుంది. వాలు లేని చోటును వెతికే పాత పద్ధతి అక్కడ పనికిరాదు. యంత్రాల విషయంలో ఆ కంచెయే శక్తికి ఉన్న హద్దు.

పొంత్రియాగిన్‌కు నిద్రలేమి బాధ ఉండేది. ఎన్నో రాత్రులు పక్క మీద మేలుకొని గణితం చేస్తూ గడిపేవాడు. ఈ సమస్యకు తొలి మార్గం వరుసగా మూడు రాత్రుల మేలుకొలుపులో ఆయనకు దొరికిందని శిష్యుడు గామ్‌క్రెలిద్జె తరువాతి కాలంలో తెలియజేశాడు. యంత్రపు స్థితిని తెలిపే రాశులకు తోడుగా మరికొన్ని సహాయక రాశులను ఆయన ప్రవేశపెట్టాడు. ఏ క్షణంలో ఏ దిక్కుకు నెట్టడం వల్ల ఎంత మేలు కలుగుతుందో ఈ సహాయక రాశులు సూచిస్తాయి. వాటితో నిర్మించిన ఒక రాశిని, అనుమతించిన హద్దుల లోపల, ప్రతిక్షణం గరిష్ఠం చేసేటట్లుగా నియంత్రణను ఎన్నుకోవాలి. ఉత్తమమైన ఏ మార్గమైనా ఈ నియమాన్ని పాటించి తీరాలి. ఇదే పొంత్రియాగిన్ గరిష్ఠ సూత్రంగా ప్రసిద్ధి కెక్కింది. దీని తొలి ప్రకటన 1956లో వెలువడింది. సరళరేఖీయ వ్యవస్థలకు గామ్‌క్రెలిద్జె, సాధారణ వ్యవస్థలకు బొల్త్యాన్‌స్కీ దీనిని నిరూపించారు. 1961లో ఈ ముగ్గురితోపాటు మిష్చెంకొ కూడా రచయితగా ఉత్తమ ప్రక్రియల గణిత సిద్ధాంత గ్రంథం వెలువడింది. 1962లో ఈ నలుగురికి లెనిన్ బహుమతి లభించింది.

గరిష్ఠ సూత్రం ఏమి చెబుతుందో చిన్న లెక్కతో గ్రహించవచ్చు. పట్టాల మీద ఒక బండి నిలిచి ఉన్నది. దానికి 100 మీటర్ల దూరంలో ఒక గోడ ఉన్నది. బండి గోడ దాకా వెళ్లి, దానిని తాకీతాకకుండా ఆగాలి. అదీ అతి తక్కువ కాలంలో. ఒక్కొక్క సెకనులో దాని వేగాన్ని సెకనుకు 1 మీటరు చొప్పున మాత్రమే పెంచగలం. తగ్గించడం కూడా అంతే. మెల్లగా బయలుదేరి మెల్లగా ఆగడం ఉత్తమమని సామాన్యంగా తోస్తుంది. కాని గరిష్ఠ సూత్రం వేరే విధంగా నిర్దేశిస్తుంది. మొదటి 10 సెకన్లు పూర్తి బలంతో నెట్టాలి. అప్పటికి బండి 50 మీటర్లు పోయి, సెకనుకు 10 మీటర్ల వేగం అందుకొంటుంది. ఆ క్షణంలో పూర్తి బలంతో బ్రేకు వేయాలి. మరి 10 సెకన్లకు బండి గోడ దగ్గర ఆగుతుంది. మొత్తం 20 సెకన్లు. ఇంతకంటె తక్కువ కాలంలో ఎవరూ చేర్చలేరు. శక్తికి హద్దు ఉన్నప్పుడు, సగం శక్తితో నడవడం కాక, పూర్తి శక్తిని సరియైన క్షణంలో అటు నుంచి ఇటు తిప్పడమే వేగానికి మార్గం.

అయితే ఆ సరియైన క్షణం తప్పితే ఫలితం దారుణంగా ఉంటుంది. 50 మీటర్ల దగ్గర కాక 60 మీటర్ల దగ్గర బ్రేకు వేస్తే, బండి సెకనుకు 6 మీటర్లకు పైగా వేగంతో గోడను గుద్దుకొంటుంది. సరియైన చోటనే వేసినా, బ్రేకు బలం మనం అనుకొన్నదానిలో పదింట ఎనిమిది వంతులే ఉంటే, సెకనుకు దాదాపు 4.5 మీటర్ల వేగంతో గుద్దుకొంటుంది. అప్పుడు ఎంత తెలివైన నియంత్రకమైనా చేయగలిగింది లేదు. బ్రేకు అప్పటికే పూర్తిగా బిగిసి ఉన్నది. ఇక ఇవ్వడానికి దాని దగ్గర బలం లేదు. హద్దులున్న యంత్రాల విషయంలో అసలైన ప్రమాదం ఇదే. పొరపాటును సరిదిద్దడానికి బలం మిగిలి ఉన్నప్పుడే సరిదిద్దాలి; మిగలనప్పుడు జ్ఞానం ఉన్నా ప్రయోజనం లేదు.

కాబట్టి దృఢమైన నియంత్రకాన్ని రూపొందించే ఇంజనీరు రెండు జాగ్రత్తలు తీసుకొంటాడు. మొదటిది, గడియారాన్ని నమ్ముకోక, ప్రతిక్షణం బండి ఎక్కడ ఉన్నదో, ఎంత వేగంతో పోతున్నదో కొలిచి, మిగిలిన దూరంలో ఆగగలమా అని పరీక్షించుకోవడం. రెండవది, ఆ పరీక్షలో బ్రేకు బలాన్ని మంచిగా ఊహించుకోక, అతి తక్కువగా లెక్కకట్టడం. పదింట ఎనిమిది వంతులే ఉంటుందని లెక్కిస్తే, దాదాపు 44 మీటర్ల దగ్గరనే బ్రేకు వేయవలసి వస్తుంది. ప్రయాణానికి 20 సెకన్లకు బదులు 21 సెకన్లకు పైగా పడుతుంది. బ్రేకు నిజంగా బలంగానే ఉంటే, కొలతలు ఆ సంగతి చెబుతాయి. అప్పుడు బ్రేకును కొంత సడలించవచ్చు. ఒక్క సెకను పైచిలుకు ఆలస్యాన్ని మూల్యంగా చెల్లించి, గోడను గుద్దుకోని అభయాన్ని కొనుక్కోవడం ఇది. వేగాన్ని నేర్పే గరిష్ఠ సూత్రమూ, తప్పును తట్టుకోవాలనే మొరటు వ్యవస్థల భావమూ ఇక్కడ చేతులు కలుపుతాయి.

పొంత్రియాగిన్ తాను పక్కన పెట్టిన మొదటి చిక్కును మరచిపోలేదు. 1960లలో ఆయన మళ్లీ వెంబడించే విమానం వద్దకు వచ్చాడు. ఏమి చేస్తుందో తెలియని ప్రత్యర్థితో సాగే ఇటువంటి పోటీలను గణితంలో అవకలన క్రీడలంటారు. ప్రత్యర్థి శక్తికీ హద్దు ఉన్నది, మన శక్తికీ హద్దు ఉన్నది. ప్రత్యర్థి తన శక్తితో చేయగల చెరుపునంతటినీ పూడ్చిన తరువాత కూడా మన దగ్గర కొంత బలం మిగులుతుందా అని పరీక్షించడం ఆయన పద్ధతిలోని కీలకం. మిగిలితే గెలుపు నిశ్చయం. ఇందులో ప్రత్యర్థి విమానమే కానక్కరలేదు. ఓడను నెట్టే గాలి కావచ్చు, యంత్రాన్ని కుదిపే భారం కావచ్చు, మన కొలతలోని తప్పు కావచ్చు. 1970లో ఫ్రాన్సు దేశపు నీస్ నగరంలో జరిగిన అంతర్జాతీయ గణిత మహాసభలో ఆయన ఈ విషయాన్ని గురించి ప్రసంగించాడు.

విద్యార్థుల కోసం కూడా ఆయన ఎంతో శ్రమించాడు. మాస్కో విశ్వవిద్యాలయంలో చేసిన బోధనల ఆధారంగా అవకలన సమీకరణాలపై పాఠ్యగ్రంథం రాశాడు. అందులో సిద్ధాంతంతోపాటు నిజమైన యంత్రాల చర్చ ఉంటుంది. ఆవిరి యంత్రపు వేగాన్ని అదుపుచేసే జేమ్స్ వాట్ సాధనాన్ని, దానిని 19వ శతాబ్దంలో పరిశీలించిన రష్యన్ ఇంజనీరు విష్నెగ్రాద్‌స్కీ ఫలితాలను ఆయన అందులో విశదీకరించాడు. ఈ గ్రంథానికి 1975లో ప్రభుత్వ బహుమతి లభించింది. పాఠశాలల్లో గణితాన్ని అవసరానికి మించిన నైరూప్య భాషలో బోధించడం పిల్లలకు భారమవుతున్నదని 1980లో ఆయన తీవ్రంగా విమర్శించాడు. సమితుల గుర్తులను ఆకారం బట్టి పోల్చుకొంటూ చదివి వినిపించిన తల్లి వద్ద చదువుకొన్న ఆయనకు, గుర్తు కంటె భావం ముఖ్యమన్న సంగతి ఇతరులకన్న బాగా తెలుసు.

జీవిత చరమభాగంలో ఆయన మరొక పోరాటంలో పాల్గొన్నాడు. ఉత్తర దిశగా ప్రవహించే నదుల నీటిని దక్షిణానికి మళ్లించాలని సోవియట్ ప్రభుత్వం ఒక బృహత్ పథకాన్ని తలపెట్టింది. కాస్పియన్ సముద్రమట్టం పడిపోతూనే ఉంటుందన్న అంచనా ఆ పథకాన్ని సమర్థించిన కారణాలలో ఒకటి. ఆ అంచనాకు ఆధారమైన లెక్కలు నమ్మదగినవి కావని వాదించిన గణితవేత్తలలో పొంత్రియాగిన్ ఒకడు. నిజానికి 1978 నుంచి ఆ సముద్రమట్టం పెరగసాగింది. 1986లో ప్రభుత్వం ఆ పథకాన్ని నిలిపివేసింది. తప్పుడు లెక్కను నమ్మి తిరుగులేని పనిని తలపెట్టరాదని యంత్రాల విషయంలో 1937లో ఆయన నేర్చుకొన్న పాఠం, అర్ధశతాబ్దం తరువాత నదుల విషయంలో ఉపయోగపడింది.

ఆయన జీవితంలో వివాదాలు కూడా ఉన్నాయి. విద్యాసంస్థలలో, అంతర్జాతీయ వేదికలలో ఆయన ఎంతో అధికారం చెలాయించిన 1970లలో యూదు గణితవేత్తలపట్ల పక్షపాతం చూపాడని పాశ్చాత్య దేశాలకు చెందిన పలువురు గణితవేత్తలు ఆరోపించారు. ఆయన దానిని ఖండించాడు. గరిష్ఠ సూత్రం విషయంలో ఎవరి భాగం ఎంత అన్న చర్చ కూడా శిష్యుల మధ్య కొనసాగింది. గొప్పవారి జీవితాన్ని చదివేటప్పుడు వారి ప్రతిభతోపాటు ఇటువంటి విషయాలను కూడా తెలుసుకోవడం న్యాయం.

పొంత్రియాగిన్ 1988 మే 3వ తేదీన మాస్కోలో కన్నుమూశాడు. ఆయన సూత్రం నేడు ఇంజనీరింగు విద్యార్థులకు పాఠ్యాంశం. రాకెట్టుకు ఇంధనం ఎప్పుడు మండించాలన్నా, కర్మాగారంలోని యంత్రహస్తం ఒక చోటు నుంచి మరొక చోటికి ఎట్లా కదలాలన్నా ఆ సూత్రపు దారిలోనే లెక్కలు సాగుతాయి.

ఏ మోటారుకూ, ఏ కవాటానికీ అపరిమితమైన బలం లేదు. అటువంటి బలం ఉన్నదనుకొని గీసిన పథకం కాగితం మీద ఎంత అందంగా ఉన్నా, పనిలో దిగేసరికి కూలిపోతుంది. ఉన్న బలం ఎంతో నిజాయితీగా కొలుచుకోవడం, దానిని తగిన క్షణంలో సంపూర్ణంగా వినియోగించడం, తన లెక్క తప్పు కావచ్చునన్న ఎరుకతో కొంత బలాన్ని చేతిలో మిగుల్చుకోవడం అనే ఈ మూడు మాటలలో పొంత్రియాగిన్ శాస్త్రం ఇమిడి ఉన్నది. మాస్కో నగరంలోని ఒక చిన్న ఇంట్లో, తనకు తెలియని గుర్తులకు తోకలను బట్టి పేర్లు పెట్టుకొంటూ రాత్రింబవళ్లు కుమారునికి చదివి వినిపించిన తత్యానా ఆంద్రేయెవ్నా ఆచరించినది కూడా ఇదే. తనకు గణితం రాదన్న హద్దు ఆమెకు తెలుసు. ఆ హద్దు లోపల తాను చేయగలిగినదంతా ఆమె చేసింది. ఆ తరువాతి పని కుమారుడు చేశాడు.